మైదా జిగురు, కొత్త పుస్తకాలు

పోయిన వారం ఒక కొత్త నవల రెండోసారి చదువుతుంటే సగానికి వచ్చేసరికి కాగితాలు విడివిడిగా చేతిలోకి వచ్చేశాయి. వెన్ను దగ్గర కుట్టన్నది లేదు. ఉన్నదల్లా జిగురు, అదీ ఎండి పెళుసుబారిపోయింది. బజారులో దొరికే గమ్ముతో అతికించడానికి మనసొప్పలేదు. గిన్నెలో మైదా వేసి, చన్నీళ్ళతో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద పెట్టి తిప్పడం మొదలుపెట్టాను. తెల్లగా ఉన్న పిండినీళ్ళు చిక్కబడి గాజురంగుకు తిరిగే వేళకు ఆ వాసన వచ్చింది. మా నాన్న చొక్కాకు ఎప్పుడూ ఉండే వాసన అది.

విజయవాడ ఏలూరు రోడ్డు నుంచి లోపలికి చీలే ఒక సందులో నాన్నకు బైండింగు షాపు ఉండేది. షాపంటే ఒక గది, ముందు రెండు మెట్లు. లోపల ఒక మూల ఇనుప ప్రెస్సు, పొడవాటి బల్ల, గోడకు తగిలించిన కాలికో బట్ట చుట్టలు, మార్బుల్ కాగితాల కట్ట. పొద్దున్నే జిగురు ఉడికించడంతో పని మొదలయ్యేది. దించే ముందు నాన్న అందులో చిటికెడు మైలుతుత్తం వేసేవాడు. రామబాణం పురుగు పట్టకుండా అన్నమాట. ఆ నీలం రాళ్ళ డబ్బా పిల్లలకు అందకుండా పైఅరలో ఉండేది. జిగురు గిన్నె మాత్రం నా చేతికి ఇచ్చేవాడు, చల్లారేదాకా తిప్పుతూ ఉండమని. మీగడ కడితే కాగితం మీద గడ్డలు పడతాయి.

ఏడాది పొడుగునా ఒక్కో కాలానికి ఒక్కో పని. ఉగాదికి ముందు వ్యాపారస్తుల ఖాతా పుస్తకాలు, ఎర్రబట్ట అట్టలతో. జూన్‌లో బడిపిల్లల పాఠ్యపుస్తకాలు గుట్టలుగా వచ్చి పడేవి. కోర్టు గుమాస్తాల దస్తాలు, ఆఫీసు రిజిస్టర్లు నెలనెలా ఉండేవి. చందమామలు ఏడాదికొక సంపుటంగా కుట్టించుకునే ఇళ్ళు మా పేటలో చాలా ఉండేవి. పన్నెండు సంచికలు పన్నెండు రంగుల అట్టలతో వచ్చి, ఒకే గోధుమరంగు అట్టలోకి వెళ్ళిపోతుంటే నాకు కొంచెం దిగులుగా ఉండేది. ఒక మాస్టారు మాత్రం భారతి మాసపత్రికలు తెచ్చేవారు. ఆయనకు పని నిదానంగానైనా సరే, గట్టిగా కావాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, సీరియళ్ళు ఒక ఎత్తు.

*

వారపత్రికల్లో వచ్చే నవలను వారంవారం కత్తిరించి దాచుకోవడమన్నది ఇప్పటి పిల్లలకు చెప్తే వింతగా వింటారు. ఆంధ్రభూమి, ఆంధ్రజ్యోతి, ఆంధ్రప్రభ, స్వాతి... ఏ పత్రికైనా సరే, మధ్యాహ్నం వంటింటి పని అయ్యాక ఆడవాళ్ళు చదివి, పక్కింటికిచ్చి, తిరిగొచ్చాక కత్తెరతో ఆ పేజీలు తీసి, పరుపు కింద నలగకుండా పెట్టేవారు. నవల ముగిసిన వారం రోజుల్లో కట్ట మా మెట్ల మీదకు వచ్చేది. యద్దనపూడి, మాదిరెడ్డి సులోచన, కొమ్మూరి వేణుగోపాలరావు, తరువాత యండమూరి, మల్లాది. ‘తులసిదళం’ ఆంధ్రభూమిలో వస్తున్న రోజుల్లో ఎంతమంది దాచుకున్నారో, ఆ కట్టలన్నీ వరసగా వచ్చాయి. చేతబడి కథ కదా, ఆ కాగితాలు రాత్రిపూట ఇంట్లో ఉండటానికి వీల్లేదని అమ్మ ఖండితంగా చెప్పింది. నాన్న వాటిని షాపులోనే ఉంచి తాళం వేసేవాడు.

“వారాలన్నీ సరిపోయాయా అమ్మా?” అని కట్ట తీసుకుంటూనే అడిగేవాడు. ఆ లెక్క చూడటం నా పని. ‘సశేషం’ అని ముగిసిన పేజీకీ, ‘జరిగిన కథ’ అని మొదలయ్యే పేజీకీ పొత్తు కుదరాలి. ఎక్కడైనా ఒక వారం తగ్గిందంటే ఆ ఇల్లాలి మొహం చిన్నబోయేది. అప్పుడు ఎవరింట్లోనో ఆ సంచిక సంపాదించి, దాన్ని కత్తిరించడానికి వాళ్ళు ఒప్పుకోరు కనుక, రూళ్ళ కాగితం మీద చేత్తో రాసి తెచ్చేవారు. అచ్చు పేజీల మధ్య గుండ్రటి చేతిరాత పేజీలు ఆరో ఏడో, వాటినీ కలిపి కుట్టి, కోసి, అట్ట వేసి ఇచ్చేవాడు నాన్న. అలాంటి పుస్తకం ఒకటి ఇప్పటికీ నా దగ్గర ఉంది. తెచ్చినావిడ కాపురం మారిపోయి మళ్ళీ రాలేదు. పేజీ వెనక సబ్బు ప్రకటన, సగం తెగిన వంటల శీర్షిక, ఒక పేజీ అంచున పెన్సిల్‌తో పాల లెక్క.

ఒక నవల నచ్చిందని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? వాళ్ళు సమీక్షలు రాయలేదు. చీరల డబ్బుల్లోంచి మిగిల్చిన రూపాయలిచ్చి బైండు చేయించుకున్నారు. ఆ ఆడవాళ్ళను, ఆ నవలలను తేలికగా మాట్లాడేవారంటే నాకు ఇప్పటికీ కోపం. పుస్తకం చదివాక అది ఇంట్లో ఉండాలనిపించిందా లేదా అన్నదే నాకు వాళ్ళ నుంచి వచ్చిన కొలత. ఈమధ్య చదివిన పుస్తకాలనూ ఆ కొలతతోనే చూస్తున్నాను.

*

నాన్న చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. అయినా ఆయనకు తెలియని నవల ఉండేది కాదు, ఏ నవలా పూర్తిగా తెలిసేదీ కాదు. దానికి కారణం పనిలోనే ఉంది. ప్రెస్సు నుంచి ఫారాలు, అంటే చాలా పేజీలు ఒకేసారి అచ్చేసిన పెద్ద కాగితాలు, మడతపెట్టకుండా వచ్చేవి. పదహారు పేజీల ఫారం పరిస్తే ఒకవైపు ఒకటి, నాలుగు, ఐదు, ఎనిమిది, తొమ్మిది, పన్నెండు, పదమూడు, పదహారు పేజీలు కనిపిస్తాయి, అందులోనూ సగం తలకిందులుగా. మడిచి కోసేదాకా కథ వరసలో పడదు. చేతులు మడత పెడుతుంటే కళ్ళు కనిపించిన పేజీ చదివేవి. ఎనిమిదో పేజీలో అలిగి వెళ్ళిపోయిన మనిషి తొమ్మిదో పేజీలో ఎందుకు ఏడుస్తున్నాడో తెలిసేది, పదో పేజీలో ఏమైందో తెలిసేది కాదు. రాత్రి అన్నాలయ్యాక అమ్మను అడిగేవాడు. “ఆ పిల్ల చివరికి ఉత్తరం చదివిందా లేదా?” అని. అమ్మ మొత్తం చదివి ఉండేది కనుక మధ్యలో ఖాళీలన్నీ పూరించి చెప్పేది. నేను పక్కలో పడుకుని వినేదాన్ని. నా మొదటి నవలలన్నీ అలా విన్నవే.

తల్లావజ్ఝల పతంజలి శాస్త్రి గారి ‘రామేశ్వరం కాకులు మరికొన్ని కథలు’ చదువుతుంటే నాన్న అలవాటు పదేపదే గుర్తొచ్చింది. 2023లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చాక కొన్నాను, ముందే చదవాల్సిన పుస్తకం. ఆయన చెప్పేది తక్కువ, వదిలేసేది ఎక్కువ. రెండు వాక్యాల మధ్య ఒక ఏడాది గడిచిపోయి ఉంటుంది, ఒక మనిషి మనసు మారిపోయి ఉంటుంది, ఆ సంగతి ఆయన చెప్పరు. పూటకు ఒక కథకన్నా ఎక్కువ చదవలేకపోయాను. చదివిన కథనే మర్నాడు మళ్ళీ చదివితే మొదట కనపడని మనిషి ఒకరు కనిపిస్తారు. నాలుగైదు కథలు ఒకేసారి గబగబా చదివేసి ‘ఏమీ జరగలేదే’ అన్నవాళ్ళను నేనెరుగుదును. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే, ఒక్క కథ తీసుకుని రెండు రోజులు దాంతో ఉండండి.

*

మా సందులో పాత పెంకుటిల్లు పడగొట్టి మేడ కట్టినప్పుడు కూలికి పాలమూరు వైపు నుంచి వచ్చిన కుటుంబాలు దిగాయి. వాళ్ళలో ఒక లంబాడీ ఆవిడ సాయంత్రం పని దిగాక మా మెట్ల దగ్గరకు వచ్చేది. అద్దాలు కుట్టిన రవిక, మోచేతుల దాకా తెల్లటి గాజులు, సిమెంటు దుమ్ములో బూడిదరంగుకు తిరిగిన పరికిణీ. పుస్తకాల అంచులు కోసినప్పుడు పడే కాగితపు పీలికలు గోనెసంచిలో పోసి పెట్టేవాళ్ళం. పొయ్యి రాజేసుకోవడానికి అవి అడిగేది. నాన్న సంచి ఇవ్వగానే అక్కడే మెట్టు మీద కూర్చుని, పీలికల్లో బొమ్మలున్న ముక్కలు ఏవైనా ఉంటే ఏరి పక్కన పెట్టేది, పిల్లాడికని. వాడి కోసం ఒకసారి నాన్న పాత చందమామ అట్ట ఒకటి ఇచ్చాడు. తను పని చేసుకుంటూ పాడే పాట ఒకటి నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మాటలు తెలియవు, రాగం మాత్రం సాగి సాగి ఒక దగ్గర తెగినట్టు ఆగేది.

ఆ గదిలో అప్పటికి కొన్ని వందల నవలలు నా చేతుల మీదుగా వెళ్ళి ఉంటాయి. ఒక్కదాంట్లోనూ ఆవిడ లేదు. మేడలున్నాయి, కారులున్నాయి, ఊటీ ఉంది, డాక్టర్లు, ఇంజనీర్లు ఉన్నారు. మా మెట్ల మీద రోజూ కూర్చునే మనిషి మాత్రం లేదు. మాలాంటి బైండింగు పనివాళ్ళూ లేరనుకోండి.

అందుకే రమేశ్ కార్తీక్ నాయక్ రాసిన ‘ఢావ్లో’ చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. గోర్ బంజారాల, అంటే లంబాడీల కథలు. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టి పెరిగిన కుర్రవాడు ఇరవైల్లోనే రాసిన పుస్తకం, 2024లో అకాడెమీ యువ పురస్కారం అందుకుంది. తండాను బయటి నుంచి వచ్చిన మనిషికి చూపిస్తున్నట్టు రాయలేదు అతను. అక్కడి మాట, అక్కడి దేవతలు, అక్కడి తిట్టు, ఆకలి, ఆడపిల్లల బతుకు అన్నీ తన ఇంటి సంగతులుగా వస్తాయి. తెలియని మాట వచ్చినచోట ఆగి అర్థం చెప్పడు. చెప్పనవసరం లేదనే నా అభిప్రాయం. వంద పేజీలు చదివేసరికి ఆ మాటలు మనకే తెలుస్తాయి. కొన్ని కథలు ఇంకాస్త దూరం నడవాల్సిందనిపించింది, సరిగ్గా మనిషి తెరుచుకునే చోట ముగిసిపోయాయి. అయినా మా మెట్ల మీద కూర్చున్నావిడ సాయంత్రాలు ఎటు వెళ్ళేదో, ఏ ఊరిని తలుచుకుని ఆ పాట పాడేదో ఊహించుకోవడానికి నాకు ఇన్నాళ్ళకు ఒక ఆధారం దొరికింది. నాన్న ఉంటే ఈ పుస్తకం ఆయనకు మొదటి పేజీ నుంచి వరసగా చదివి వినిపించేదాన్ని.

ఎండ్లూరి మానస ‘మిళింద’ కూడా ఇదే దారిలో నాకు దగ్గరైంది. మా బడిలో నా పక్కన కూర్చున్న స్నేహితురాలు ఆదివారం చర్చికి వెళ్ళొచ్చి సోమవారం ఎందుకు ఏమీ చెప్పేది కాదో, మా ఇళ్ళకు పిలిస్తే ఎందుకు గుమ్మంలోనే నిలబడేదో ఆ కథలు చదివాక ఆ ప్రశ్నలన్నీ కదిలి పైకి వచ్చాయి. తగుళ్ళ గోపాల్ కవితలు ‘దండకడియం’ మా అక్క కూతురికి ఇచ్చాను, తిరిగి ఇవ్వనంది. అంతకన్నా ఆ పుస్తకం గురించి చెప్పక్కర్లేదు.

*

జనవరి ఒకటి అంటే విజయవాడలో మాకు కొత్త సంవత్సరం కాదు, పుస్తకాల పండగ. స్వరాజ్య మైదానంలో మొదలయ్యేది. నాన్న ఆ రోజుల్లో మధ్యాహ్నానికే షాపు కట్టేసేవాడు. మైదానం నిండా దుమ్ము, మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు, మిరపకాయ బజ్జీల వాసన, ఒక్కో దుకాణం ముందు నిలబడి పుస్తకం తీసి వెన్ను మీద బొటనవేలితో రాసి చూసే నాన్న. పేరు చూసేవాడు కాదు మొదట, కుట్టు చూసేవాడు. పుస్తకాన్ని బల్ల మీద పెట్టి తెరిస్తే రెండువైపులా పూర్తిగా పరుచుకోవాలి, చేత్తో అదిమి పట్టుకోవాల్సి రాకూడదు. అలా పరుచుకుంటే “ఇది పనివాడు చేసింది” అనేవాడు. విశాలాంధ్ర, నవోదయ దుకాణాల దగ్గర అమ్మ కొనుక్కునే జాబితా వేరే ఉండేది. వచ్చేటప్పుడు చేతుల్లో సంచులు, కాళ్ళకు మోకాళ్ళ దాకా దుమ్ము.

ఆ మైదానంలో ఇప్పుడు 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఉంది. పుస్తకాల పండగ వేరే చోటికి మారింది. నేనూ ఊరు మారాను కనుక ఇప్పుడు డిసెంబరులో హైదరాబాద్ ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే ప్రదర్శనే నాకు దిక్కు. అక్కడ ఛాయా, అన్వీక్షికి, ఎలమి లాంటి కొత్త ప్రచురణ సంస్థల దుకాణాల దగ్గర పాతికేళ్ళ పిల్లలు గుంపులుగా నిలబడి తెలుగు పుస్తకాలు కొంటుంటే ఆనందంగా ఉంటుంది. తెలుగు చదివేవాళ్ళు లేరని ఇంట్లో కూర్చుని బాధపడేవాళ్ళు ఒక్క సాయంత్రం అక్కడికి వెళ్ళి రావాలి.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ అక్కడే కొన్నాను. అమెరికా తెలుగువారి సంఘం తానా పెట్టిన నవలల పోటీలో 2019లో బహుమతి వచ్చింది, తరువాత సినిమాగానూ తీశారు. వానలు లేక మేతా నీళ్ళూ కరువై, కడప వైపు పల్లెల కాపరులు గొర్రెలను నల్లమలకు తోలుకుపోతారు. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం దొరకని కొడుకు తండ్రి వెంట బయలుదేరతాడు. కథ ఇంతే. కానీ గొర్రె ఎప్పుడు నీళ్ళు తాగుతుంది, మంద రాత్రి ఎలా పడుకుంటుంది, పులి జాడ తెలిస్తే మనుషులు ఎవరెక్కడ నిలబడతారు, ఏ చెట్టు కింద ఆగకూడదు, ఈ పనితనమంతా ఆ నవలలో ఉంది. పని తెలిసిన మనిషి చేతులను అంత దగ్గరగా చూపించిన తెలుగు నవలలు నేను ఎక్కువ చదవలేదు. కొడుకు తండ్రిని చూసే చూపు మారుతూ వస్తుంది చూడండి, అక్కడ నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. చివర్లో ఆ అడవి అనుభవం అబ్బాయి జీవితంలో దేనికి పనికొచ్చిందో విడమరిచి చెప్పకపోయినా నాకు లోటుండేది కాదు. అడవిలో గడిచిన రోజులే చాలు, వాటి విలువ వాటిలోనే ఉంది.

బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ మీద మా పాత మాస్టారికీ నాకూ పేచీ. భారతి సంపుటాలు కుట్టించుకున్న ఆ మాస్టారే. ఇప్పటికీ ఫోన్ చేస్తే పుస్తకాల గురించే మాట్లాడతారు. హండే రాజుల కాలపు అనంతపురం సీమ నవల అది, 2019లో అకాడెమీ పురస్కారం పొందింది. “మనుషులు మరీ ఎక్కువమ్మా, ఎవరి వెంట వెళ్ళాలో తెలియదు. చరిత్ర నవలకు ఒక నాయకుడు ఉండాలి” అంటారు ఆయన. “ఒక్కరి వెంట వెళ్ళే చరిత్రలు చాలా చదివాం కదండీ మాస్టారూ” అంటాను నేను. చిన్నప్పుడు మా షాపుకు వచ్చిన చారిత్రక నవలల్లో రాకుమారులు, సొరంగాలు, మారువేషాలు ఉండేవి. వాటిని నేనూ ఇష్టంగానే చదివాను. ఈ నవలలో కోట ఉన్నా చూపంతా కోట బయటే. చెరువు, కరువు, మంద, ఊరి కట్టుబాట్లు, కులం చేతిలో నలిగిన ఆడవాళ్ళు. రాజు నిర్ణయం ఒకటి గుడిసె దాకా వచ్చేసరికి ఎంత క్రూరంగా మారుతుందో చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. మొదటి యాభై పేజీలు ఓపిక పట్టాలి, నిజమే. సీమ మాట అలవాటు లేనివాళ్ళు పైకి చదువుకుంటే దారి దొరుకుతుంది. మాస్టారు ఇంకా ఒప్పుకోలేదు. కానీ రెండోసారి మొదలుపెట్టారని మాత్రం తెలిసింది.

*

ప్రసాద్ సూరి ‘మైరావణ’ బల్ల మీద ఉంది, 2025 యువ పురస్కారం దానికే. అది చదివాక మళ్ళీ రాస్తాను. ఈలోగా ప్రచురణకర్తలకు ఒక మాట చెప్పాలి. కొత్త పుస్తకాలు అట్టల అందంలో మా కాలం వాటికన్నా ఎంతో బాగుంటున్నాయి. కాగితం బాగుంది, అచ్చు కంటికి హాయిగా ఉంది. లోపల ఉన్న రచన రెండు మూడు తరాలు చదవాల్సిందైనప్పుడు వెన్ను జిగురు ఒక్కదాని మీదే వదిలేస్తే ఎలా? ఫారాలు కుట్టించండి. అన్ని ప్రతులూ కాకపోతే కొన్నైనా, గ్రంథాలయాలకు వెళ్ళేవైనా. ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఏడాదంతా తిరిగే పుస్తకం అది. యాభై రూపాయలు ఎక్కువ పెట్టండి, మాలాంటివాళ్ళం కొంటాం. నా ‘కొండపొలం’, ‘శప్తభూమి’, ‘ఢావ్లో’ ప్రతులు మూడూ కుట్టించి కాలికో అట్ట వేయించాలని విజయవాడ లెనిన్ సెంటర్ వైపు ఇంకా పని చేస్తున్న ఒక పెద్దాయనకు కబురు పంపాను. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఇచ్చి వస్తాను.